ఓడల్లేని రేవులో లంగరు కొన్నవాడు

బందరు రేవుకి ఓడలు రావడం తగ్గిపోయి, వచ్చిన ఒకటీ అరా కూడా మొహం చాటేసినట్టు సముద్రంలో ఎక్కడో దూరాన ఆగి, పడవల్లోకి సరుకు దింపి వెళ్ళిపోతున్న రోజుల్లో, ఓడ లంగరు కొన్నవాణ్ణి నేను. అదీ వేలంపాటలో. అదీ నా పాట మీద నేనే పై పాట పాడి. కృష్ణా జిల్లా ఇనప వర్తకుల్లో ఈ ఘనత ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, వచ్చి దండ వేస్తాను.

ఈమధ్య మా వీధిలో కుర్రవాళ్ళు ఇనప సామాను కొట్లు పెడుతున్నారు. అద్దాల బీరువాలు, తిరిగే కుర్చీలు. సలహా చెప్పమని నా దగ్గరికి వస్తారు. లైసెన్సుల సంగతీ పన్నుల సంగతీ ఆడిటరు చెప్తాడు, డబ్బులు తీసుకుని మరీ చెప్తాడు. ఆడిటరుకి తెలియనిది నేను చెప్తాను, ఊరికే. అది ఆ లంగరు కథ. నేను ఇనుము గురించి నేర్చుకున్నదంతా దాని చుట్టూ తిరుగుతూ నేర్చుకున్నదే. చుట్టూ తిరగక తప్పేది కాదు, కొట్టు గుమ్మానికి అడ్డంగా పడి ఉండేది మరి.

పాట

యాభైల మొదట్లో కొత్త ఇనుము కావాలంటే పర్మిట్టు కావాలి. పర్మిట్టు కావాలంటే ఎవరి గుమ్మం ముందో నిలబడాలి. పాత ఇనుముకి ఆ బాధ లేదు. అందుకని రేవులో ఒక పాత గిడ్డంగి ఖాళీ చేస్తూ తుప్పు సామానంతా వేలం వేస్తున్నారనగానే బెజవాడ, ఏలూరు, గుడివాడ వర్తకులందరూ దిగిపోయారు. గుడివాడలో మా మేనమామ వీరయ్య గారిది పెద్ద ఇనప కొట్టు. బందరులో ఆయన కొట్టే మరొకటి ఉంది. అది నేను చూసుకుంటున్నాను. అప్పటికి ఆయన కూతురు రాజ్యాన్ని నాకిచ్చి పెళ్ళి కూడా చేశారు గనక, చూసుకోక చేసేదేమీ లేదు.

మా వర్తకుల్లో ఒక పద్ధతి ఉండేది. వేలానికి ముందు అందరం పక్కన కాఫీ హోటల్లో చేరతాం. కండువా కింద చేతులు కలుపుతాం. ఎవరికి ఏ సరుకు, ఎంతలో ఆగాలి, అన్నీ వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటాం. నోటితో మాట్లాడేది వానల గురించి. తరవాత వేలంలో మేం అరిచే అరుపులన్నీ ఉత్త వేషం.

ఆ రోజు ఏలూరు ముసలి వర్తకుడొకాయన నా చెయ్యి తన కండువా కిందికి లాక్కున్నాడు. మేకుల బస్తాలు ఆయనకి. గొలుసులు మాకు. రేకులు బెజవాడ వాళ్ళకి. లంగరు దగ్గరికి వచ్చేసరికి ఆయన తన అరచేత్తో నా అరచేతిని తుడిచేశాడు. అంటే, ఎవరికీ వద్దు, వదిలెయ్ అని.

నేను కొట్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. ఎదుటివాడు బాగుందంటే అనుమానం, బాగాలేదంటే ఇంకా అనుమానం. ఇంత మంది వర్తకులు ఒక వస్తువుని వద్దంటున్నారంటే లోపల ఏదో ఉంది అనుకున్నాను. ఇత్తడి కలిసిందేమో. పాత ఇంగ్లీషు ఉక్కేమో. ఆ అరచేతి తుడుపులో నాకు ఒక పెద్ద కుట్ర కనపడింది.

లంగరు పాటకి రాగానే నేను మొదలుపెట్టాను. ఎవరూ పలకలేదు. ఏలూరాయన పైకప్పు వంక చూస్తున్నాడు. ఓహో, అంత నటన ఎందుకు, అనుకుని ఇంకో పది పెంచాను.

పాట పెట్టే గుమాస్తా ఎత్తిన సుత్తి దించాడు. "బాబూ, ఇంతకు ముందు పాట కూడా మీదేనండీ."

"తెలుసు."

"మీ మీద మీరే పెంచుతున్నారు."

"పెంచకూడదని రూలుందా?"

"లేదండీ. ఇంతవరకూ అవసరం రాలేదు."

అప్పుడు ఏలూరాయన దగ్గాడు. అది నవ్వు ఆపుకోవడానికి దగ్గిన దగ్గు అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, ఆయన పాటలోకి దిగబోతున్నాడనుకుని మళ్ళీ పెంచాను. గుమాస్తా సుత్తి కొట్టేశాడు. జాలిపడి తొందరగా కొట్టాడని నా నమ్మకం.

కొత్తగా వ్యాపారంలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట. ఎదుటివాళ్ళు మోసం చేస్తారని భయపడండి, తప్పులేదు. కానీ వాళ్ళు నిజం చెప్పే రోజు కూడా ఒకటి వస్తుంది. దాన్ని గుర్తుపట్టడం నాకు ఇప్పటికీ రాలేదు.

మావయ్య షరతు

లంగరు కాడ మనిషి కంటే పొడుగు. రెండు చేతులూ చాపిన రాక్షసుడిలా ఉండేది. పైన కడియంలోంచి నా తల దూరేది, ఒకసారి దూర్చి చూశాను, తీసుకోవడం కష్టమైంది. రెండెడ్ల బండి మీద రేవు నుంచి కొట్టుదాకా తెచ్చాం. కొట్టు ముందుకు రాగానే బండి ఇరుసు ఫెళ్ళున విరిగింది. లంగరు జారి గుమ్మం పక్కన ఒక చెయ్యి నేలలో దిగబడి, ఇంకో చెయ్యి ఆకాశం వైపు చూపిస్తూ నిలబడిపోయింది. బండివాడు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇక్కడే బాగుందండీ" అన్నాడు.

కబురు గుడివాడ చేరడానికి రైలుతో పని లేదు, ఏలూరాయన చాలు. మర్నాడే మావయ్య దిగాడు. చేతిలో గొడుగు. లంగరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇదేవిట్రా నాగేసూ?"

"లంగరు, మావయ్యా."

"అది నాకూ కనపడుతోంది. ఓడేది?"

నేను లంగరుకి అంటిన మట్టి తుడిచాను.

"వెనకాల వస్తోందా? రెండో బండి దొరకలేదా?"

"కొలిమివాళ్ళకి ముక్కలు చేసి అమ్ముదామని..."

"ఏ కొలిమివాడికి? దీన్ని ముక్కలు చెయ్యాలంటే బందరు కమ్మరులందరూ కలిసి వచ్చే ఉగాది దాకా కొట్టాలి. వాళ్ళ సమ్మెటలు ముక్కలవుతాయి."

అది నిజమేనని పక్క వీధి కమ్మరి అప్పటికే నిరూపించి వెళ్ళాడు. విరిగిన ఉలికి నా దగ్గర ఇంకొకటి పుచ్చుకుని మరీ వెళ్ళాడు.

మావయ్య గొడుగుతో లంగరుని ఒకసారి పొడిచి, కొట్టులోకి వచ్చి కూర్చున్నాడు. రాజ్యం మంచినీళ్ళు తెచ్చింది. ఆయన తాగలేదు.

"ఈ బందరు కొట్టు నీ పేర రాద్దామనుకున్నాను. నీకూ తెలుసు, రాజ్యానికీ తెలుసు. ఇప్పుడు విను. ఆ లంగరు అక్కణ్ణించి కదిలిన రోజున రాస్తాను. కదిలేదాకా నువ్వు గుమాస్తావి. పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది."

రైలు వేళకి వెళ్ళిపోయాడు. ఆయన తాగని గ్లాసు తీస్తూ రాజ్యం అంది: "మా నాన్న నన్ను కొట్టున్నవాడికి ఇచ్చాననుకున్నాడు. నేను లంగరుకి కాపలావాడి పెళ్ళాన్నయ్యాను."

ఆ మాట నాకు ఏళ్ళ తరబడి అన్నంలో రాయిలా తగిలేది. ఆవిడ రోజూ వడ్డించేది కూడా.

అన్ని యుగాలూ ఒకే కొట్టులో

అమ్మాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. హంసలదీవి జాలర్లని పిలిపించాను. వాళ్ళలో పెద్దాయన లంగరుని తట్టి, "బాబూ, దీన్ని పడవకి కట్టలేం. దీనికే పడవని కట్టాలి" అన్నాడు. కాలవ పడవల వాళ్ళు చూసి దణ్ణం పెట్టి వెళ్ళారు.

ఈలోగా కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు గారొకరు సాయంత్రాలు వచ్చి లంగరు పక్కన నిలబడటం మొదలుపెట్టారు. ఇది డచ్చివాళ్ళ కాలంనాటిదని, కాలేజీకి ఇస్తే అద్దాల గదిలో పెడతామని చెప్పేవారు. ఎంతకి అంటే, చరిత్రకి వెల కట్టకూడదండీ అనేవారు. వెల కట్టని సరుకు నా దగ్గర లేదని ఆయనకి తెలియదు పాపం. మాటల్లో ఒకసారి, మనిషి రాతి యుగం దాటి, కంచు యుగం దాటి, ఇనప యుగంలోకి వచ్చాడని చెప్పారు.

"దాటాడా అండీ?" అన్నాను. "నిన్న పొద్దున్నే ఒకావిడ వచ్చి రోలుకి గంట్లు పెట్టించాలని ఉలి కొనుక్కెళ్ళింది. ఆవిడది ఏ యుగం?"

వేళాకోళానికి అన్నాను గానీ, కౌంటరు వెనక కూర్చుంటే యుగాలన్నీ ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడతాయి. నాగలి కర్రు అడిగేవాడి వెనకాల ట్రాక్టరు బోల్టు అడిగేవాడు. బాలింత తలగడ కింద పెట్టుకోవడానికి చిన్న కత్తి అడిగే ముసలమ్మ వెనకాల, ఆస్పత్రి కిటికీలకి ఊచలు అడిగే కాంట్రాక్టరు. కోటలు పోయాయి, కత్తులు పోయాయి, ఫిరంగులు ఎండలో పడి ఉన్నాయి. మేకు పోలేదు. ప్రభువులంతా ఫిరంగుల మీద పేర్లు చెక్కించుకున్నారు గానీ మేకుల మీద ఎవడూ చెక్కించుకోలేదు. అందుకే మేకులు ఇంకా పని చేస్తున్నాయని నా అనుమానం.

నాంచారమ్మ నలుపు

లంగరుని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి నాంచారమ్మ. పెడనలో కలంకారీ అద్దకం వాళ్ళింటి పెత్తనమంతా ఆవిడదే. మొగుడు అచ్చులు చెక్కేవాడు, కొడుకులు అద్దేవాళ్ళు, ఆవిడ తిట్టేది. నెలకోసారి బస్సెక్కి వచ్చి తుప్పు పట్టిన ఇనుము కొనేది. అద్దకంలో నల్ల గీతకి కావలసింది అదే. తుప్పు ముక్కలు బెల్లం నీళ్ళలో వేసి కుండలో రోజుల తరబడి పులియబెడితే నల్లటి రసం వస్తుంది, కసిం అంటారు. కరక్కాయ నీళ్ళు పట్టిన గుడ్డ మీద దాన్ని అద్దితే కాకి రెక్కలాంటి నలుపు.

"మిగతా కొట్లకి వెళ్ళవేం పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"వాళ్ళు సరుక్కి నూనె రాసుకుంటారు, శుభ్రంగా ఉంచుకుంటారు. నీ కొట్టులో అన్నీ తుప్పే. నీ బద్ధకమే నాకు నలుపు, అబ్బాయ్."

ఇనప వర్తకుడికి ఇంతకంటే అవమానం లేదు. బందరు గాలి ఉప్పు గాలి. రాత్రి పెట్టిన కొత్త పార తెల్లారేసరికి ఎర్రగా తిరుగుతుంది. దాంతో యుద్ధం చెయ్యడమే మా వృత్తి. ఆ యుద్ధంలో నేను ఓడిపోయిన చోటల్లా ఆవిడ సంచి పట్టుకుని ఏరుకునేది.

లంగరుని మొదటిసారి చూసినప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి. గోటితో గీకింది. పెచ్చు ఊడింది. వాసన చూసింది. నాలుక చివర పెట్టుకుంది.

"ఇది పాత కొలిమి ఇనుమురా. ఇప్పటి మిల్లు ఇనుము ఇలా పొరలు పొరలుగా ఊడదు. దీని నలుపు పదిసార్లు ఉతికినా దిగదు."

"అయితే కొనుక్కో పిన్నీ, మొత్తం."

"ఏనుగు పాలిస్తుందని ఏనుగుని ఇంట్లో కట్టేసుకుంటారా? పెచ్చులు ఇవ్వు."

అప్పట్నుంచీ నెలనెలా సుత్తి తెచ్చుకుని పెచ్చులు రాల్చుకునేది. తుప్పుకి ధర అడిగితే, "నీ గుమ్మం ఊడుస్తున్నందుకు నువ్వే నాకివ్వాలి" అనేది. బేరంలో నేను ఓడిపోయింది జీవితంలో ఇద్దరి దగ్గర. ఆవిడ ఒకరు. రెండో ఆయన తరవాత వస్తాడు.

లంగరుకి ఇద్దరు తాతలు

అయిదారేళ్ళు గడిచాయి. మణుగులు పోయి కిలోలు వచ్చాయి, అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. లంగరు మాత్రం పోలేదు. నేను గుమాస్తాగానే ఉన్నాను. మావయ్య నెలకోసారి వచ్చి, గొడుగుతో లంగరుని పొడిచి, "ఉన్నావా?" అని దాన్ని పలకరించి, నన్ను పలకరించకుండా లోపలికి వచ్చేవాడు.

అప్పుడు తోట్లవల్లూరు వైపు నుంచి ఒక రైసు మిల్లు యజమాని వచ్చాడు. మిల్లు గేటు ముందు ఏదైనా ఘనమైన వస్తువు పెట్టాలట. లంగరు చుట్టూ తిరుగుతూ, మా తాతగారు ఓడల మీద వ్యాపారం చేసేవారని ఎవరో చెప్పగా విన్నానండీ అన్నాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఏమోనండీ, ఇది మీ తాతగారి ఓడదే కావచ్చు. కాదనడానికి ఎవరున్నారు?"

ఆయన ఛాతీ కనపడేటట్టుగా ఉబ్బింది. ధర కూడా దాంతోపాటు ఉబ్బింది. వచ్చే వారం లారీ తెస్తాను, కాస్త నిగనిగలాడేటట్టు చేసి ఉంచండి అన్నాడు. నేను ఆనందం పట్టలేక లంగరు మొత్తానికి రెండు పూతలు తారు పూయించాను. పెళ్ళికొడుకులా తయారైంది. ఈ వారంతో గుమాస్తాగిరీ అయిపోయిందని రాజ్యంతో అన్నాను. ఆవిడ, "లారీ కదిలాక చెప్పండి" అంది.

లారీ వచ్చింది, ఆరుగురు కూలీలతో. మోకులు కట్టారు. సరిగ్గా అప్పుడే లెక్చరరు గారు పాతికమంది విద్యార్థులని వరసగా నడిపించుకుంటూ వచ్చారు.

"చూడండి, ఇదే నేను చెప్పిన డచ్చివారి లంగరు! యజమాని గారు కూడా ఒప్పుకున్నారు!"

ఒప్పుకున్నమాట నిజమే. ఆయన కాలేజీచేత ఎప్పటికైనా డబ్బు పెట్టించకపోతారా అని, డచ్చివాళ్ళదే అండీ, మా ముత్తాత కళ్ళారా చూశాడు అని నేనే అన్నాను.

మిల్లు యజమాని నా వైపు తిరిగాడు. "మా తాతదన్నావు?"

లెక్చరరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీ తాతగారు డచ్చివారా అండీ?"

కుర్రాళ్ళు ఘొల్లుమన్నారు. మిల్లాయన మోకులు విప్పించేశాడు. లారీ ఉత్తినే వెళ్ళడమెందుకని రెండు బస్తాల మేకులు వేయించుకున్నాడు. అదీ తగ్గించి.

వస్తువుకి కథ కలిపితే తూకం పెరగదు గానీ ధర పెరుగుతుంది, అది నిజం. అయితే ఒక వస్తువుకి ఒకే కథ చెప్పాలి. అసలు చెప్పకపోతే ఇంకా మంచిది, గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు.

సుత్తితో వచ్చినవాడు

దాని తరవాత నెలకి దివిసీమ నుంచి దేవదానం వచ్చాడు. కృష్ణ దాటే ఒక రేవులో బల్లకట్టు పాట పాడుకున్నాడు. బళ్ళనీ ఎడ్లనీ మనుషుల్నీ దాటించే బల్లకట్టు. వరద వచ్చినప్పుడల్లా గట్టు మీద పాతిన గుంజలు పెకిలిపోయి బల్లకట్టు కొట్టుకుపోతోందట. నేలలో పాతేసి మోకు కట్టడానికి కదలని బరువు ఏదైనా కావాలి. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని ఉండేవాడు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది కూడా ఆయనేనట. బేరంలో మాత్రం ఆ గొంతు బయటికి వచ్చేది కాదు.

ఇన్నేళ్ళలో లంగరుని లంగరుగా అడిగిన మొదటి మనిషి. ఆపడానికి కావాలన్నాడు. అమ్మడం ఇక తేలికే అనుకున్నాను.

ఆయన తారు మీద వేలు పెట్టి చూశాడు. వేలు నల్లగా అయింది. దాన్ని తెల్ల చొక్కాకి తగలకుండా దూరంగా పట్టుకున్నాడు.

"షావుకారు గారూ, తారు ఎందుకు పూశారండీ?"

"అందానికి."

"అందానికి లంగరు ఎవరు కొంటారండీ? తారు పూశారంటే లోపల ఏదో ఉంది."

ఆ మాట నాకు బాగా తెలిసినదే. వేలంపాట నాడు నేను అనుకున్నదే, ఇంకొకరి నోట్లోంచి నా మీదికే వచ్చింది. బీటలు లేవని ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టేకొద్దీ ఆయన మొహంలో అనుమానం పెరిగింది. వర్తకుడి ఒట్టు ఎవరికి కావాలి? నేనైతే నమ్ముతానా?

"వస్తానండీ" అని ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. నా కొట్టు నా కళ్ళ ముందే గుమ్మం దిగిపోతున్నట్టనిపించింది. మళ్ళీ ఎన్నాళ్ళకి ఇలాంటి మనిషి వస్తాడు? లోపల తలుపు చాటున రాజ్యం గాజుల చప్పుడు ఆగిపోయింది. ఆవిడా వింటోంది.

అప్పుడే బస్టాండు వైపు నుంచి నాంచారమ్మ వచ్చింది. వచ్చీ రాగానే సంచిలోంచి ఒక గుడ్డ తీసి నా మొహం మీదికి విసిరింది.

"ఇది నలుపా? ఎలక తోలా? చెప్పు!"

గుడ్డ నిండా లతలూ నెమళ్ళూ. గీతలన్నీ బూడిద రంగు. కిందటిసారి ఆవిడ కొడుకు వచ్చి పెచ్చులు రాల్చుకుని వెళ్ళాడట. వాటికి తారు ఉంది. కుండలో తెట్టు కట్టింది. కుండ కుండంతా పారబొయ్యవలసి వచ్చింది.

"పిన్నీ, కొంచెం ఆగు, బేరంలో ఉన్నాం..."

"నీ బేరం మండిపోను! ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇనుము ఎక్కడైనా ఉందా? ఏళ్ళ తరబడి సుత్తితో దాని ఒళ్ళంతా వాయించాను. ఒక్క బీట లేదు, ఒక్క బొరియ లేదు, గంటలా మోగేది. అలాంటిదానికి మసి పూసి గొడ్ల చావిట్లో గుంజలా చేసి పెట్టావు. ఆ తారు పూసిన చెయ్యి..."

తరవాత అన్న మాటలు వృత్తి అనుభవాల్లో రాయదగినవి కావు.

దేవదానం చెప్పులు విప్పేశాడు. "అమ్మా, ఒళ్ళంతా వాయించారాండీ? కింద చెయ్యి కూడా?"

"కింద చెయ్యీ, పై చెయ్యీ, కడియమూను. నువ్వెవరు?"

"కొందామని వచ్చానండీ." ఆయన ఆవిడ సంచిలోని సుత్తి అడిగి తీసుకున్నాడు. కాడ మీద కొట్టి చెవి పెట్టి విన్నాడు. తారు కిందనుంచి కూడా మోగింది. చిన్నగా నవ్వాడు, ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

నేను ఒట్టు పెడితే చెప్పులు తొడుక్కున్నవాడు, ఆవిడ తిడితే విప్పేశాడు. మీ సరుకు గురించి మీరు వెయ్యి చెప్పండి, కొనేవాడు వినడు. మీ మీద కోపంగా ఉన్న ఖాతాదారు ఒక్కరు తిడితే చాలు, నమ్ముతాడు. ఈ ప్రకటనకి ఖర్చు లేదు, కాస్త సిగ్గు లేకపోతే సరిపోతుంది.

నేను ఉత్సాహంగా కండువా తీసి చెయ్యి చాపాను. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"నాకు కండువా కింద బేరం రాదండీ. నోటితో చెప్పండి. ఈ అమ్మ కూడా వింటుంది."

నోటితో, నలుగురూ వినేట్టు ధర చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను చెప్పాను. ఆయన ఊరుకున్నాడు. నేను తగ్గించాను. ఆయన ఊరుకున్నాడు. నా పాట మీద నేనే పాడటం నాకు అలవాటే గనక, ఈసారి కిందికి పాడుకుంటూ వెళ్ళాను. ఆయన "సరేనండీ" అనేసరికి మోత కూలి కూడా నా మీదే పడింది.

"అమ్మేస్తావా?" అంది నాంచారమ్మ. ఇంతసేపూ ఆవిడకి ఆ సంగతి తట్టలేదు. "మరి నా నలుపో?"

లంగరుతోపాటు వేలంలో వచ్చిన పాత గొలుసు లంకెలు దొడ్లో ఉన్నాయి, తారు తగలనివి. అవన్నీ ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడ ఒక్కొక్కటీ కొట్టి విని సంచిలో వేసుకుంది. "లంగరు అంత కాదు" అని మాత్రం అనకుండా వెళ్ళలేదు.

మావయ్య దారి తప్పడం

రెండు బళ్ళు జతచేసి లంగరుని కృష్ణ ఒడ్డుకి చేర్చాం. బల్లకట్టు మీదికి ఎక్కించగానే అది ఒకవైపు ఒరిగి నీళ్ళు పలకల మీదికి వచ్చాయి. బల్లకట్టు నడిపే సరంగు దేవుణ్ణి పిలిచాడు. దేవదానం పిలవలేదు. "దీన్ని దాటించగలిగితే ఇంక దేన్నైనా దాటిస్తానండీ" అని, మిగతావాళ్ళందర్నీ దింపేసి తానొక్కడే పక్కన నిలబడి దాటించాడు. అవతలి గట్టులో లోతుగా గొయ్యి తీసి పాతేశారు. కడియం ఒక్కటే పైకి కనపడుతుంది.

గుడివాడకి కార్డు రాశాను: లంగరు కదిలింది, దయచేసి రాగలరు.

మావయ్య మర్నాడు పొద్దుటి రైలుకే వస్తాడని చూశాం. రాలేదు. మధ్యాహ్నం అయింది. రాజ్యం వంట రెండుసార్లు వెచ్చబెట్టింది. మూడు దాటాక చెమటలు కారుస్తూ, గొడుగు ఊపుతూ గుమ్మంలోకి వచ్చి పడ్డాడు.

"ఏదిరా లంగరు?"

"అమ్మేశాం కదా మావయ్యా. కార్డు రాశాను."

"రాశావు, తెలుసు. రిక్షావాడితో 'లంగరు కొట్టు' అన్నాను. వాడు ఎప్పట్లా బయల్దేరాడు. లంగరు కనపడలేదు, వాడు ఆగలేదు, నేనూ ఆపలేదు. కోనేరు సెంటరు దాటి, ఇంకా ఎక్కడికో పోయాం. నా కొట్టుకి నేనే దారి అడగవలసి వచ్చింది. అడిగితే ఒకడు, లంగరు కొట్టు ఎత్తేశారండీ అన్నాడు!" ఆయన కూలబడ్డాడు. "ఏ బుద్ధిలేనివాడు దాన్ని అమ్మమన్నాడు?"

కూతురు చెప్పింది, గ్లాసు చేతికిస్తూ. "మీరే నాన్నా."

ఆయన ఈసారి మంచినీళ్ళు తాగాడు. లేచి వెళ్ళి, గుమ్మం పక్కన ఖాళీ నేలని గొడుగుతో ఒకసారి పొడిచి వచ్చాడు. తరవాత మొలలోంచి పెట్టె తాళం తీసి బల్ల మీద పెట్టాడు. ఆడిన మాట తప్పే మనిషి కాదు. తిట్టే అలవాటు మాత్రం ఆ రోజుతో పోలేదు.

లెక్క

ఇప్పుడు లంగరు లెక్క తేలుస్తాను. కొన్నది మణుగుల్లో, రూపాయలూ అణాల్లో. అమ్మింది కిలోల్లో, నయాపైసల్లో. ఆ మార్పిడిలో నష్టం దాచుకోవడం చాలా తేలిక. దాచను.

కొన్న ధర కంటే అమ్మిన ధర తక్కువ. నా మీద నేను పెంచుకున్నదీ, నా మీద నేను తగ్గించుకున్నదీ కలిపితే వచ్చే తేడా అది. విరిగిన ఇరుసు ఖర్చు. కమ్మరి ఉలి. తారు ఖర్చు రెండుసార్లు వెయ్యాలి, కొన్నందుకు ఒకసారి, దానివల్ల పోయిన నలుపుకి ఒకసారి. నాంచారమ్మ ఒక వేసంగి అంతా వేరే కొట్టుకి వెళ్ళింది, అక్కడ ఇనుము మరీ శుభ్రంగా ఉందని తిరిగి వచ్చింది. గుమాస్తాగా గడిపిన ఏళ్ళు కూడా ఖర్చులోనే వెయ్యాలి. రాజ్యం అవి తనకీ సగం రావాలంటుంది. ఒప్పుకున్నాను.

జమ వైపు చూస్తే, మేకులు రెండు బస్తాలు, తగ్గింపు మీద. దివిసీమలో తరవాత వచ్చిన వరదలకి బల్లకట్టు కదల్లేదని దేవదానం పంపిన కబురు. దానికి వెల కట్టలేదు, లెక్చరరు గారు సంతోషిస్తారు. ఆపైన నా పేరు మీద ఒక కొట్టు.

ఇంకొకటి వేసుకోవాలి. పల్లెటూళ్ళ నుంచి వచ్చే రైతులు అన్నేళ్ళూ నా సరుకు చూసి రాలేదు, నా మొహం చూసి అసలు రాలేదు. లంగరు చూసి ఆగారు. అది పోయాక చాలామంది నేరుగా వెళ్ళిపోయి పక్క వీధి కొట్టులో తేలారు. బోర్డు మీద లంగరు బొమ్మ వేయించాను. వేసినవాడు లంగరు చూడలేదు. అది గేలంలా వచ్చింది. చేపల వాళ్ళు వచ్చి గేలాలున్నాయా అని అడిగేవారు. కొన్నాళ్ళకి గేలాలు కూడా పెట్టాను.

అన్నీ కూడి, అన్నీ తీసేస్తే తేలింది ఇది. లంగరు కొన్నందుకు నాకు పోయింది కొంచెం. అమ్మినందుకు పోయింది ఎక్కువ.